ఆత్మకథ చదివి ఉద్యోగం మానేస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికి నెలకు రూ.1,15,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ రూ.36,000, ఇంటి ఖర్చు రూ.42,000. పీఎఫ్‌లో 9.5 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 4 లక్షలు, ఎఫ్‌డీ 3 లక్షలు ఉన్నాయి. ఈమధ్య నైకీ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ ఆత్మకథ చదివాను. మంగళగిరి కాటన్‌తో పిల్లల బట్టలు కుట్టించి అమ్మాలని నా ఆలోచన. హైదరాబాద్, విజయవాడ షాపులవాళ్లు తీసుకుంటామంటున్నారు. ఉద్యోగం మానేసి, పీఎఫ్ తీసి పెట్టుబడి పెట్టనా? మా స్నేహితుడు సగం సగం భాగస్వామ్యానికి సిద్ధంగా ఉన్నాడు. అమ్మ తన బంగారం ఇస్తానంటోంది.

జవాబు: వ్యాపారం మొదలుపెట్టండి. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. ఇలా చెప్పడానికి కారణం మీరు చదివిన పుస్తకంలోనే ఉంది.

నైట్, ఆయన కోచ్ బోవర్‌మన్ 1964లో చెరో 500 డాలర్లు వేసుకుని జపాన్ నుంచి 300 జతల బూట్లు తెప్పించారు. జత సుమారు 3.33 డాలర్లకు పడింది, 6.95కి అమ్మారు. సరుకంతా అమ్ముడైంది. ఆ తర్వాత ఆయన ఆర్డరిచ్చింది 900 జతలకు, అంటే 3,000 డాలర్లు. తగ్గినదానికి తండ్రి పూచీతో బ్యాంకు అప్పు తీసుకోవాల్సి వచ్చింది. మొదటి సరుకు మొత్తం లాభానికి అమ్ముడైనా రెండో ఆర్డరుకు సొంత డబ్బు చాలలేదు. దాదాపు ఏటా అమ్మకాలు రెట్టింపవుతూ పోయిన ఆ కంపెనీ 1980లో షేర్లు జారీ చేసేదాకా డబ్బుకు కటకటలాడుతూనే ఉంది. 1975లో బ్యాంకు చెక్కులు తిప్పికొట్టి ఖాతా వదిలించుకుంటే, నిషో ఇవాయ్ అనే జపాన్ ట్రేడింగ్ కంపెనీ బ్యాంకు బాకీ తీర్చి నిలబెట్టింది. ఇంకో సంగతి చాలామంది గమనించకుండా పేజీ తిప్పేస్తారు. 1969 దాకా నైట్ జీతం మీదే బతికాడు, మొదట అకౌంటెంట్‌గా, తర్వాత పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో అకౌంటింగ్ బోధిస్తూ. ఇల్లు జీతంతో నడిచింది కాబట్టే వచ్చిన ప్రతి డాలరూ తిరిగి సరుకులోకి వెళ్లింది.

ఇప్పుడు మీ బట్టల లెక్క చూద్దాం. నెలకు 3 లక్షల అమ్మకం అనుకోండి. బట్ట, కటింగ్, కుట్టు కూలి, బొత్తాలు, ప్యాకింగ్ కలిపి 65 శాతం పడుతుందని వేసుకుంటే నెలకు రూ.1,95,000. బట్ట కొన్న దగ్గర్నుంచి కుట్టి చేతికి రావడానికి 30 రోజులు, మీ దగ్గర స్టాకుగా 30 రోజులు, షాపువాడికి అరువు 45 రోజులు, మొత్తం 105. బట్ట అమ్మినవాళ్లు మీకు ఇచ్చే అరువు 15 రోజులు తీసేస్తే 90 రోజులు, అంటే మూడు నెలల ఖర్చు ఎప్పుడూ సరుకులోనూ బాకీల్లోనూ ఇరుక్కుని ఉంటుంది. అది రూ.5,85,000.

మిగిలిన 35 శాతం, అంటే రూ.1,05,000లో గది అద్దె, రవాణా, ఒక మనిషి జీతం, తిరిగొచ్చే సరుకు నష్టం కలిపి 70 వేలు పోతే మిగిలేది 35 వేలు. మీ ఇంటికి కావలసింది 78 వేలు. ఖర్చులు ఒక్క రూపాయి పెరగకపోయినా ఆ 78 వేలు రావాలంటే నెలకు సుమారు 4.25 లక్షల అమ్మకం ఉండాలి. దానికి ఇరుక్కునే పెట్టుబడి 8.3 లక్షలు. అంత చేసినా లాభమంతా ఈఎంఐకీ కిరాణాకీ పోతుంది, తర్వాతి ఆర్డరుకు పైసా మిగలదు. ఉద్యోగం మాని మొదలుపెట్టిన చిన్న వ్యాపారాలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. సరుకు బాగానే పోతుంటుంది, బట్టవాడికి కట్టడానికి డబ్బుండదు.

జీతం ఉంచుకుంటే కథ మారుతుంది. మ్యూచువల్ ఫండ్ల నుంచి 3 లక్షలు మాత్రమే తీయండి. పై లెక్క ప్రకారం అది నెలకు లక్షన్నర అమ్మకానికి సరిపోతుంది. ఆ స్థాయిలో గదీ మనిషీ వద్దు, ఇంట్లోంచే నడపండి. పీఎఫ్ ముట్టుకోకండి. 2024-25కి దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. అంత భద్రంగా అంత రాబడి ఇచ్చేవి మీకు వేరే లేవు, పైగా వ్యాపారం పోయినా వృద్ధాప్యం మిగలాలి. ఎఫ్‌డీ 3 లక్షలు, ఫండ్లలో మిగిలే లక్ష కలిపి ఇంటి రిజర్వు. ఉద్యోగం వదిలే రోజుకు అది 12 నెలల ఖర్చు, అంటే రూ.9,36,000 కావాలి. నెలకు మిగిలే 37 వేలు అందులోనే వేస్తూ పోతే 15 నెలల్లో చేరుతుంది. రాజీనామా గురించి ఆలోచించడానికి అంతకంటే ముందు తేదీ లేదు.

ఈ 15 నెలల్లో కనిపెట్టాల్సింది ‘బట్టలు నచ్చాయా’ అని కాదు, ఏ సైజు ఇంట్లో ఉండిపోతోంది అని. పిల్లల బట్టల్లో నష్టం ఎక్కువగా అక్కడే. 2 నుంచి 8 ఏళ్ల దాకా అన్ని సైజులూ సమానంగా కుట్టిస్తే మధ్య సైజులు ముందు అయిపోయి చివరివి బీరువాలో పడుంటాయి. సంక్రాంతికని కుట్టినవి పండగ దాటితే సగం ధరకూ కదలవు. మొదటి ఆర్డరు రెండు డిజైన్లు, మూడు సైజులకు మించనివ్వకండి. డిజైన్, సైజు, కుట్టించినవి, అమ్మినవి, తిరిగొచ్చినవి, డబ్బు ముట్టిన తేదీ అని ఆరు గడుల పుస్తకం పెట్టండి.

షాపులవాళ్లు ‘తీసుకుంటాం’ అన్నది ఆర్డరు కాదు. చాలాచోట్ల అమ్ముడైతేనే డబ్బు, లేకపోతే సరుకు వెనక్కి అనే పద్ధతి ఉంటుంది. అదేమిటో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. చిన్న పరిశ్రమల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో తయారీదారుగా నమోదు చేసుకోండి, అది ఉచితం. నమోదైన చిన్న తయారీదారుకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని చట్టం. కొత్తగా వచ్చి షాపువాడి మీద ఫిర్యాదు చేయడం ఆచరణలో కష్టమే కాబట్టి, పాత బిల్లు తీరందే కొత్త సరుకు పంపకపోవడమే మీ అసలు రక్షణ. వేరే రాష్ట్రానికి, విజయవాడ షాపుకైనా సరే, అమ్మాలంటే మొదటి బిల్లుకే జీఎస్టీ నమోదు ఉండాలి.

అమ్మకాలన్నీ మొదటి రోజు నుంచీ ఒకే కరెంట్ ఖాతాలో పడేలా చూడండి. రేపు చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్‌కు వెళితే, అందులో కిశోర్ అనే విభాగం కింద 5 లక్షల దాకా హామీ ఆస్తి లేకుండా ఇస్తారు. బ్యాంకు మేనేజర్ ముందు అడిగేది ఆ ఖాతా స్టేట్‌మెంటే. అమ్మగారి బంగారం దీనికి వాడొద్దు. నైట్‌కు కూడా ఒక ఉద్యోగి తల్లిదండ్రులు తమ జీవితకాలపు పొదుపు అప్పిచ్చారు, అది కలిసొచ్చింది. కలిసిరాని వాళ్ల ఆత్మకథలు ఎవరూ అచ్చువేయరు.

మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి వ్యాపారం గురించి ఏముందో చదవండి. నిషేధం ఉంటే హెచ్‌ఆర్‌ను అడిగి రాతపూర్వక అనుమతి తీసుకోండి. దొడ్డిదారిన భార్య పేరున పెట్టేస్తే చాలనుకోకండి. మీ డబ్బు ఆవిడకు ఊరికే ఇచ్చి పెట్టుబడి పెట్టిస్తే, ఆ వాటా మేరకు లాభం పన్ను లెక్కలో మీ ఆదాయంలోనే కలుస్తుంది. కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఉద్యోగంతో కంపెనీ పాలసీ పోతుంది, కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు.

ఇక మీ స్నేహితుడి సంగతి. సగం సగం వద్దు. బోవర్‌మన్ తనకు 49 చాలని 51 శాతం నైట్‌కు వదిలాడు, ఎక్కడైనా మాట తేడా వస్తే నిర్ణయం ఒకరిదే కావాలని. డబ్బు ఎవరు ఎంత పెట్టారు, పని ఎవరు ఎన్ని గంటలు చేస్తారు, ఒకరు మధ్యలో తప్పుకుంటే స్టాకు ఏ ధరకు లెక్కకడతారు, ఈ మూడూ మొదటి బట్ట కొనకముందే భాగస్వామ్య దస్తావేజులో రాయించండి. ఆయన కూడా తన ఉద్యోగం వదలకుండా వస్తే మరీ మంచిది.

15 నెలలయ్యాక రిజర్వు నిండి, వరుసగా ఆరు నెలలు ఖర్చులన్నీ పోను కనీసం 40 వేలు మిగిలి, షాపుల బాకీలు 45 రోజులు దాటకుండా వసూలవుతుంటే రాజీనామా గురించి ఆలోచించొచ్చు. ఈ మూడింటిలో ఒకటి తగ్గినా ఇంకో ఆరు నెలలు జీతంతోనే నడపండి.