ఆవులు కొనకముందు అడగాల్సిన మాట

బిడ్డా,

నీ మెసేజ్ మీ పిన్నితో రెండుసార్లు చదివించుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, దేవరకొండ దగ్గర మీ ఏడెకరాల్లో పది ఆవులు పెట్టి, కట్టేసి మేపకుండా బయట తిప్పి మేపుతూ పాడి నడుపుతానన్నావు. ఏ జాతి కొనాలి, షెడ్డు ఎంత పొడవు కట్టాలి అని అడిగావు. పాలు ఎవరు పిండుతారో మాత్రం రాయలేదు. కల్వకుర్తి పక్కన ముప్పై ఏళ్లుగా పసులతో బతుకుతున్న నాకు ముందు కనపడ్డ లోటు అదే.

పాడికి ఆదివారం లేదు. పెండ్లయినా చావయినా తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొదుగు కింద కూర్చోవాల్సిందే. ఒక పూట తప్పితే పొదుగువాపు వచ్చే ప్రమాదం. మా నాయన పోయిన రోజు కూడా నేను పాలు పిండి, పాల కేంద్రంలో పోసి వచ్చాకే పాడె దగ్గర కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, అందరి ఇంట్లో అదే కథ.

కోడలు 'సాయం చేస్తుంది' అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగు. మీ పిన్ని పదేళ్లు పేడ తీసింది, కుడితి పెట్టింది, పాలు పిండింది. పదిహేను రోజులకోసారి బిల్లు మాత్రం నా ఖాతాలో పడేది. ఒకరోజు 'నా జీతమెంత?' అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. ఆమె నవ్వలేదు. రెండు నెలలు మా ఇంట్లో మాటల్లేవు. ఆ తర్వాత కేంద్రంలో పుస్తకం ఆమె పేరు మీదికి మార్పించాను. ఆ పని మొదటి రోజే చేయాల్సింది. కోడలికి నిజంగా ఇష్టముందా, లేక నీ ముఖం చూసి సరే అన్నదా? నీ ముందు కాదు, మీ అమ్మ ముందు అడిగించు.

ఇక పనిమనిషి. నాకు జరిగిన నష్టం చెప్తాను. ఒక ఏడు ఆగస్టులో వాన మొఖం చాటేసింది. నేను చుట్టాల పెండ్లికి పోయాను. కాపరి కొత్త పిల్లగాడు. బెట్టకు వాడిపోయి మోకాలెత్తు కూడా లేని జొన్నలోకి ఆవుల్ని వదిలాడు. అట్లాంటి లేత జొన్నలో నాము అనే విషం ఉంటుందని వాడికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. డాక్టరు సూదితో వచ్చేలోపే రెండు ఆవులు పోయాయి. ఊరందరి ముందు వాణ్ణి తిట్టాను. వాడు తెల్లారి రాలేదు, మళ్లీ మనిషి దొరకడానికి నాకు మూడు నెలలు పట్టింది. తప్పు నాది, తిట్లు వాడివి. అప్పటినుంచి కొత్త మనిషి వస్తే మొదటి వారం నేనే వెంట తిరుగుతాను. 1962 నంబరు కొట్టం గోడ మీద పెయింటుతో రాయించాను. ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది.

జీతం ఒక్కటే పెంచితే మనిషి నిలబడడు. నెలకు రెండు రోజులు సెలవు, రోజూ ఇంటికి లీటరు పాలు ఇవ్వు. దానితోపాటు పాలుకు, అంటే వాటాకు, ఒక పెయ్యను ఇవ్వు. మన ఊళ్లలో పాలుకు ఇవ్వడం పాత పద్ధతే కదా: పెయ్య నీది, సాకేది అతను, ఈనినాక ధర కట్టి చెరిసగం. నువ్వు పంపిన న్యూజిలాండ్ వీడియో చూశాను. అక్కడా ఇట్లాంటిదే నడుస్తుంది. భూమి ఒకరిది, మంద ఇంకొకరిది, పాల డబ్బు దాదాపు సగం సగం. భూమి లేని కుర్రాళ్లు చాలామంది అట్లా రైతులయ్యారు.

కానీ ఆ వీడియోలోని పచ్చిక చూసి మోసపోకు. మన దగ్గర గడ్డి వానతో వచ్చి సంక్రాంతికి ఎండిపోతుంది. వాళ్లు ఆవులన్నీ గడ్డి మొలిచే కాలానికి ఒకేసారి ఈనేటట్టు చూసుకుంటారు, చలికాలంలో దాదాపు అన్నీ ఒట్టిపోతాయి. ఆ ఆలోచన మంచిదే. ఆవు సూడి సుమారు 280 రోజులు. దసరాకు ఎదకొచ్చిన ఆవుకు చూలు కట్టే సూది వేయిస్తే ఆషాఢంలో, బోనాల రోజులకు ఈనుతుంది, గుట్టల మీద గడ్డి అప్పటికి లేస్తుంటుంది. అన్నీ అట్లాగే చేస్తే మాత్రం వరుసగా రెండు నెలలు బిల్లే రాదు. పిల్లల ఫీజు, బ్యాంకు కిస్తు ఆగవు. సగం ఆవులకు దసరాకు, మిగతా సగానికి సంక్రాంతికి సూది వేయించు. సంక్రాంతివి మళ్లీ దసరా దగ్గర ఈనుతాయి. ఎద మనం అనుకున్న రోజున రాదు, అది వేరే సంగతి.

పది ఆవులు వద్దు. మీ బోరు ఎకరంన్నరకే పారుతుంది. నాలుగుతో మొదలుపెట్టు. ఎకరం సూపర్ నేపియర్ గడ్డి వేస్తే మొదటి కోత 70 రోజులకు, తర్వాత నెలన్నరకోసారి వస్తుంది. మిగతా భూమి మేపుకు ముక్కలు చేసి, మేసిన ముక్కకు తేరుకునే టైం ఇవ్వు. వర్షాకాలం లేతగడ్డి ఒక్కటే తింటే పాలలో వెన్న పడిపోతుంది, రేటు తగ్గుతుంది. పొద్దున వదిలేముందు ఇంత చొప్పో వరిగడ్డో వేయి. బోరు నీళ్లు ఫ్లోరైడ్‌కు పరీక్ష చేయించు. మీ వైపు మనుషుల్నే కాదు, పసుల పళ్లనూ కాళ్లనూ అది పాడు చేస్తుంది.

దేవరకద్ర పశువుల అంగడికి పోదామన్నావు, పోదాం. అక్కడ రోజుకు పది లీటర్ల ఆవు అంటారు. వరుసగా మూడు పూటలు నువ్వే దగ్గరుండి పిండించు, మొదటి పూట లెక్కలోకి తీసుకోకు. అమ్మేవాళ్లు అంతకుముందు పూట పాలు మిగిల్చి ఉంచుతారు. పది నిజమే అయినా అది ఈనిన కొత్తలో మాట. ఈతకూ ఈతకూ మధ్య 400 రోజులు, అందులో పాలిచ్చేవి 300, సగటున రోజుకు ఆరు లీటర్లు అనుకో. మొత్తం 1800 లీటర్లు. 400తో భాగిస్తే రోజుకు నాలుగున్నర. లీటరుకు 40 వచ్చినా ఒక ఆవుకు రోజుకు 180 రూపాయలు, అందులోంచే దాణా, మందులు, జీతం, కిస్తు. ఈ లెక్క నోటుబుక్‌లో రాసి మీ అన్నకు చూపించు.

మీ అన్న సంగతి మరిచిపోయాననుకున్నావా? ఏడెకరాల్లో మూడున్నర అతనిదే. ఇప్పుడు బాగానే ఉంటాడు, నేపియర్ ఏపుగా పెరిగినాక వాటా గుర్తొస్తుంది. కౌలో, పాలో, ఎన్నేళ్లో కాగితం మీద పెట్టుకోండి. పక్క చేను పత్తి వాళ్లతో కూడా ఇప్పుడే మాట్లాడు. ఆవు ఒక్కసారి పత్తిలో పడితే పదేళ్ల స్నేహం పోతుంది. మా చిన్నప్పుడు చేలో పడ్డ పసుల్ని కట్టేసే బందెల దొడ్డి ఉండేది, జుర్మానా కట్టి తెచ్చుకునేవాళ్లం, పగ ఉండేది కాదు. ఇప్పుడు నేరుగా పోలీస్ స్టేషనే.

డబ్బు కట్టకముందు ఒక పని చేయి. శ్రావణంలో నువ్వూ కోడలూ వచ్చి మా దగ్గర పది రోజులు ఉండండి. నాలుగింటికి లేపుతాను, ఇద్దరూ చెరి రెండు ఆవులు పిండండి. మూడోరోజుకు వేళ్లు ముడుచుకోవు, అప్పుడు మీ పిన్ని నువ్వుల నూనె రాస్తుంది. పదకొండో రోజు కూడా మీ ఇద్దరికీ అదే ఆలోచన ఉంటే పన్నెండో రోజు అంగడికి పోదాం.

ఇట్లు,
మీ చిన్నాయన