హీరోయిన్ పక్కనున్న అమ్మాయి

బరంపురం

తమ్ముడికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు పూర్తిగా చదివాను. పర్లాకిమిడి తెలుగు అబ్బాయి, ఒడియా అమ్మాయి, ఒప్పుకోని నాన్న, చివర్లో రైల్వే స్టేషన్. పాత మూసే, కానీ దాన్ని మార్చమని నేను చెప్పను. ఆ ఇద్దరూ కలుస్తారని తెలిసే జనం టికెట్ కొంటారు. ఎలా కలుస్తారన్నదే వాళ్ళకి కావాలి. నన్ను బాధపెట్టింది వేరే సంగతి.

హీరోయిన్ స్నేహితురాలిగా మన కొండల్లోని సవర గిరిజన అమ్మాయిని పెట్టి, ‘మన సరిహద్దు సినిమాలో అందరూ ఉండాలి కదన్నా’ అని రాశావు. మంచి ఆలోచనే. మరి ఆమె చేసిందేమిటి? ఫోన్ తెచ్చిచ్చింది, కాపలా కాసింది, హీరోయిన్ ఏడిస్తే ఓదార్చింది, పెళ్ళిలో డాన్సు చేసింది. ఏం చదువుకుందో, ఎవరంటే ఇష్టమో, దేనికి ససేమిరా అంటుందో ఎక్కడా లేదు. పైగా మొదటిసారి కనిపించినప్పుడే చేతిలో కొండచీపుర్లు. సంతలో మనం చూసిందే ఆమె బతుకంతా అనుకుంటే ఎలా? సవర కుటుంబంలో పుట్టిన గిరిధర్ గమాంగ్ 1999లో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు. 1936లో, మన పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన ఏడాదే, మంగెయి గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. అలాంటి వాళ్ళింటి అమ్మాయి మన సినిమాలో ఒక కుర్రాణ్ణి చూసి సిగ్గుపడటానికి కూడా నోచుకోలేదా? ప్రేమకథలో మనిషికి దక్కే గౌరవమే అది. ఎవరో ఒకరు ఆమె మీద మనసు పడాలి, ఆమె మనసులోనూ ఎవరో ఒకరు ఉండాలి.

2018లో వచ్చిన హాలీవుడ్ ప్రేమకథ ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’ చూడు. డబ్బున్న అబ్బాయి, మామూలు ఇంటి అమ్మాయి, వద్దనే తల్లి. మనకి కొట్టిన పిండే. కానీ అందులో అందగాడూ, అత్తగారూ, గయ్యాళీ, వెర్రిబాగులవాడూ దాదాపు అందరూ ఆసియా మూలాలవాళ్ళే. అందుకే ఏ ఒక్కరూ తమ జాతి మొత్తానికి జవాబుదారీగా నిలబడాల్సిన పని లేకపోయింది. అయినా భారతీయ మూలాలవాళ్ళు అందులో గేటు దగ్గర కాపలావాళ్ళుగా, పనివాళ్ళుగానే కనిపించారని సింగపూర్‌లో విమర్శలు వచ్చాయి. చూశావా, తమకి చోటు కావాలని పోరాడినవాళ్ళ ఇంట్లోనూ గేటు దగ్గర ఇంకొకరు మిగిలిపోతారు. నీ కథలో అక్కడ ఎవరు నిలబడ్డారో ప్రతి సీనులోనూ వెతుక్కో.

మహేంద్రతనయ ఒడ్డు సీను తీసుకో. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే ఈ అమ్మాయి దూరంగా నిలబడి ఉంటుంది. ఈసారి ఆమె చేత ఇలా అనిపించు:

“ఇవాళ నేను ఉండను. గుణుపురం బస్సు వచ్చే టైమైంది. అందులో నాకూ ఒకడు వస్తున్నాడు.”

“ఎవడే? నాకెప్పుడూ చెప్పలేదు!”

“నువ్వెప్పుడైనా అడిగావా?”

ఆమె వెళ్ళిపోతుంది. కాపలా లేక మీ హీరోయిన్ నాన్నకి దొరికిపోతుంది. నవ్వూ పుట్టింది, కథా కదిలింది, ఆ అమ్మాయీ మనిషైంది. ఉపన్యాసం ఒక్క ముక్క కూడా అక్కర్లేదు.

నత్తి బాబాయి జోకులు మాత్రం తీసెయ్యి. లేదంటే ఆయన చేతే, ఆ నత్తితోనే, పిల్ల తండ్రిని నిలదీయించు.

ఇంకో మాట, ఇది నాకు బాగా గుచ్చుకుంది. హీరోకి కృష్ణా జిల్లా మాట పెట్టావు, నవ్వించే స్నేహితుడికి మాత్రం మన యాస. నువ్వు మీ అమ్మతో మాట్లాడే భాష ప్రేమకి పనికిరాదని నీకెవరు చెప్పారు? సినిమాలు చెప్పాయి, ఏళ్ళ తరబడి. “నువ్వంటే నాకిష్టమని ఎన్నిసార్లు సెప్పాలేటి?” అని హీరో చేత అనిపించు. బిడియంగా, కళ్ళలోకి చూసి అనాలి, ఆ అమ్మాయి కూడా నవ్వకూడదు. హాల్లో మొదట ఎవరైనా నవ్వితే నవ్వనీ. సీను నిజాయితీగా ఉంటే రెండో వాక్యానికి వాళ్ళే సర్దుకుంటారు.

తిరగరాశాక నాకంటే ముందు గుణుపురం వైపు సవర కాలేజీ పిల్లలకి చదివి వినిపించు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ మొహాలు చిన్నబోయాయో పక్కన రాసుకో. “మేమిలా మాట్లాడం” అంటే వాదనకి దిగకు, ఎలా మాట్లాడతారో అడుగు. ఆ కాగితాలు కూడా స్క్రిప్టుతో పాటు పంపు, కూర్చుని చూద్దాం.

నీ అన్నయ్య