పులి, చిరుత ఒకే అడవిలో ఎలా? – సమాధానం

"గాజ్ సూత్రం ప్రకారం ఒకే తిండి కోసం పోటీపడే రెండు జాతుల్లో ఒకటి పోవాలి కదా, మరి ఒకే అడవిలో పులి, చిరుత, రేచుకుక్కలు (అడవి కుక్కలు) ఎలా ఉంటున్నాయి?" అని అడిగారు. మీ నోట్స్‌లో సగం కథే ఉందండీ. జీవశాస్త్రవేత్త గాజ్ 1934లో ప్రచురించిన ప్రయోగాల్లో పారమీషియం అనే ఏకకణ జీవుల్లో అరీలియా జాతి ముందు కాడేటమ్ జాతి నిలవలేదు, నిజమే. కానీ అదే కాడేటమ్‌ను బర్సేరియా అనే మరో పారమీషియం జాతితో కలిపి పెంచితే రెండూ బతికాయి. కాడేటమ్ పైన తేలే బ్యాక్టీరియాను తింటే, బర్సేరియా అడుగున చేరిన ఈస్ట్‌తో గడిపింది. ఈ భాగాన్ని పరీక్షల్లో ఎందుకో పెద్దగా అడగరు!

అడవిలోనూ ఇదే తంతు. కర్ణాటకలోని నాగరహొళెలో వన్యప్రాణి శాస్త్రవేత్తలు ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ చేసిన అధ్యయనం (1995) చూడండి. పులి అడవిదున్న లాంటి భారీ జంతువులను ఎంచుకుంటుంది. చిరుత, రేచుకుక్కలు 30 నుంచి 175 కిలోల మధ్యవాటి వైపు మొగ్గుతాయి. మరి ఆ రెండింటి మధ్య? రేచుకుక్కలు పగటిపూట గుంపుగా తరుముతాయి, చిరుత ఎక్కువగా చీకట్లో ఒంటరిగా మాటు వేస్తుంది. అయినా చుక్కల దుప్పిని మూడూ తింటాయి. కాబట్టి "పోటీ లేదు" అని రాయకండి, మార్కులు పోతాయి. "వనరుల పంపకంతో పోటీ తగ్గింది, రకరకాల సైజుల్లో వేట సమృద్ధిగా ఉండటం దానికి తోడైంది" అని రాయండి.