పన్నెండు గంటల షిఫ్టు కట్టిన ఊరు

1870 తర్వాత అమెరికా నగరాలు అంత వేగంగా ఎలా పెరిగాయి, యూరప్ నుంచి వచ్చిన కూలీలు ఆ ఇరుకు ఇళ్లలోనే ఎందుకు ఉండిపోయారు అని అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా పిట్స్‌బర్గ్‌లో ఉంటున్నాను. దీని గురించి చాలా చదివాను కానీ, అసలు సంగతి బుర్రకెక్కింది మా నాన్న వల్ల. ఆయన విశాఖ స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు.

ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని పిట్స్‌బర్గ్ పక్కనే ఉన్న హోమ్‌స్టెడ్ తీసుకెళ్లాను. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ మిల్లు ఉండేది అక్కడే. 1986లో మిల్లు మూతపడింది, ఇప్పుడంతా షాపింగ్ సెంటర్. పన్నెండు ఇటుక చిమ్నీలు మాత్రం వరసగా మిగిలాయి. నాన్న తలెత్తి వాటిని చూస్తూ అడిగిన మొదటి మాట, "షిఫ్టులెన్ని రా?"

రెండే, ఒక్కోటి పన్నెండు గంటలు అన్నాను.

"మరి పగలు చేసేవాళ్లు రాత్రికి మారే రోజు?"

ఏళ్ల తరబడి ఏ, బీ, సీ షిఫ్టులు తిరిగిన మనిషి కదా, వెంటనే పట్టేశారు. రెండు వారాలకోసారి ఆ మార్పు రోజున ఒక బ్యాచ్ ఏకబిగిన ఇరవై నాలుగు గంటలు చేయాల్సిందే. దాన్ని 'లాంగ్ టర్న్' అనేవారు.

మీ ప్రశ్నకు జవాబు నాకు అక్కడే కనిపిస్తుంది. ఫర్నేస్ చల్లారకూడదు. ఆ వేడిలో పన్నెండు గంటలు నిలబడ్డవాడు మళ్లీ మైళ్లకొద్దీ నడవలేడు, రోజూ ట్రామ్‌కి పెట్టుకోలేడు. అందుకే మిల్లు గోడకు ఆనుకునే ఇళ్లు లేచాయి. స్లోవాక్, పోలిష్, హంగేరియన్ కుర్రాళ్లు గుంపుగా ఒకే ఇంట్లో దిగేవారు. పగటి షిఫ్టువాడు లేచిన మంచంలోనే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకునేవాడు. పైగా చాలామంది ఉండిపోదామని వచ్చినవాళ్లు కాదు. నాలుగు డబ్బులు వెనకేసి, సొంతూళ్లో భూమి కొనాలన్నది వాళ్ల ఆశ. కొందరు తిరిగి వెళ్లారు, కొందరు పెళ్లాం పిల్లల్ని రప్పించుకున్నారు. 1880లో సుమారు 1,56,000 ఉన్న పిట్స్‌బర్గ్ జనాభా 1900 నాటికి 3,21,000 దాటింది.

ఈ కూలీల వల్లే జీతాలు పడిపోయాయని ఇక్కడ కొందరు రాస్తున్నారు. నేను ఒప్పుకోను. 1892లో హోమ్‌స్టెడ్‌లో సుమారు 3,800 మంది పనిచేసేవారు. యూనియన్ సభ్యులు దాదాపు 800 మంది, నైపుణ్యం ఉన్నవాళ్లు. కార్నెగీ కంపెనీ ఛైర్మన్ ఫ్రిక్ తెచ్చిన జీతాల కోత నేరుగా తగిలేది వాళ్లలోనూ కొద్దిమందికే. అయినా కంపెనీ గేట్లు మూసినప్పుడు వలస కూలీలు కూడా వాళ్ల పక్కనే నిలబడ్డారు. జూలై 6 తెల్లవారుజామున ఫ్రిక్ రప్పించిన సుమారు 300 మంది పింకర్టన్ ప్రైవేటు గార్డులు బార్జీల (సరుకు పడవల) మీద మనాంగహీలా నది వెంట వస్తే, ఊరు ఊరంతా, ఆడవాళ్లతో సహా, ఒడ్డుకు పరుగెత్తింది. కాల్పుల్లో రెండు వైపులా ప్రాణాలు పోయాయి. తర్వాత రాష్ట్ర సైన్యం దిగింది, నవంబరుకల్లా యూనియన్ విరిగిపోయింది. జీతాలు పడింది అలా. కార్నెగీ ఆ రోజుల్లో స్కాట్లాండ్‌లో ఉన్నాడు. పన్నెండేళ్ల వయసులో తానూ అక్కడి నుంచే వలస వచ్చినవాడు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బార్జీలు ఆగిన చోట పాత పంప్ హౌస్ ఇంకా ఉంది. నాన్న దాని గోడ మీద చెయ్యి వేసి, "ఇక్కడ ఎనిమిది గంటల డ్యూటీ ఎప్పుడొచ్చింది?" అన్నారు. 1923లో అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "ముప్పై ఒక్క ఏళ్లు" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు నది వైపే చూస్తూ నిలబడ్డారు.