తెర మీది మైళ్ళను నమ్మకండి: ఎలక్ట్రిక్ ట్రక్కులో మా తొలి దూరప్రయాణం

కొత్తగా ఎలక్ట్రిక్ ట్రక్కు కొన్నారు, కుటుంబంతో మొదటిసారి దూరం వెళ్ళాలి, ఒకసారి బ్యాటరీ నింపితే 320 మైళ్ళు వస్తుందని కంపెనీ అంటోంది, ఆ లెక్క నమ్మి బయలుదేరవచ్చా అని అడిగారు. తర్వాత ట్రైలర్ కట్టాలని కూడా ఉందన్నారు. మా అనుభవం చెబుతాను, దాన్నిబట్టి మీరే నిర్ణయించుకోండి.

మాది 2023 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్, పెద్ద బ్యాటరీ రకం. (ఇండియాలో ఉన్నవారి కోసం: ట్రక్కు అంటే లారీ కాదు, వెనక తొట్టి ఉన్న పెద్ద కారు. "చదువుకుని వెళ్ళి లారీ కొన్నావా" అని మా అమ్మ రెండు రోజులు బాధపడింది.) 2025 మార్చిలో, మా అమ్మాయి వసంత సెలవుల్లో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఆమరిల్లో దగ్గరి పాలో డ్యూరో కాన్యన్‌కు వెళ్ళాము. ఒకవైపు 350 మైళ్ళ పైమాటే. నేను, నా భార్య, అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు, మొత్తం అయిదుగురం.

మామయ్యగారి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణాన్ని కాపాడింది ఆయనే. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. డిపోలో ఎవరి బస్సు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో లెక్క కడతారు, బాగా తెచ్చినవారికి అవార్డులుంటాయి. కె.ఎం.పి.ఎల్. అనే ఆ నాలుగక్షరాలు ఆయనకు జపమంత్రం. ట్రక్కు ఎక్కగానే అడిగిన మొదటి ప్రశ్న, "అల్లుడుగారూ, దీని కె.ఎం.పి.ఎల్. ఎంత?"

దీనికి లీటర్లు ఉండవు మామయ్యగారూ, బ్యాటరీలో 131 యూనిట్లు పడతాయి అన్నాను. కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే ఇది. వేసవి కాకపోతే గుంటూరులో వాళ్ళింటి నెల బిల్లు ఇంచుమించు అంతేనట. "అయితే నెల రోజుల కరెంటు మోసుకుపోతున్నామన్నమాట" అని, తెర మీద యూనిట్‌కు ఎన్ని మైళ్ళు వస్తున్నాయో చూపే అంకె ఎక్కడుందో అడిగి తెలుసుకున్నారు. నేను అయిదు నెలలుగా ఆ బండి నడుపుతున్నాను. ఆ అంకెను ఒక్కరోజు కూడా పట్టించుకోలేదు.

ఇంట్లో నూటికి నూరు శాతం నింపి బయలుదేరినప్పుడు తెర 308 మైళ్ళు చూపింది. దాన్ని నమ్మి, 235 మైళ్ళ దూరంలోని చిల్డ్రెస్ దాకా ఆగకుండా పోదామని నా ప్లాను. ఇంకా 70 మైళ్ళు మిగులుతాయి కదా అని ధీమా. కానీ ఆ 308 మన గత వారం ప్రయాణాలను బట్టి బండి వేసే అంచనా. గత వారమంతా నేను వెళ్ళింది ఆఫీసుకు, కూరగాయలకు. కంపెనీ చెప్పే 320 కూడా ఊరి రోడ్లు, హైవే కలిపి లెక్కగట్టిన అంకె. ఎలక్ట్రిక్ బండి ఊళ్ళో ఎక్కువ దూరం ఇస్తుంది, హైవే మీద తక్కువ ఇస్తుంది. పెట్రోలు బండికి ఇది తిరగబడి ఉంటుంది. మనకు అలవాటైన తెలివితేటలు ఇక్కడే మోసం చేస్తాయి.

డికేటర్ దగ్గర 287 హైవే ఎక్కాము. ముందురోజు రాత్రే చలిగాలి దిగింది. ఉత్తరం నుంచి ఉన్నట్టుండి వచ్చి పడే ఈ గాలిని టెక్సస్‌వాళ్ళు బ్లూ నార్తర్ అంటారు. మేము పోయేది వాయవ్యానికి, అంటే గాలికి దాదాపు ఎదురు. నేను హాయిగా 75 మైళ్ళ వేగంతో పోతున్నాను. బోవీ ఊరు దాటేసరికి 80 మైళ్ళు వచ్చాము, బ్యాటరీ 40 శాతం ఖాళీ. తెర మీద యూనిట్‌కు 1.5 మైలు. మామయ్యగారు వెనక సీట్లోంచి నోటిలెక్క కట్టేశారు. "ఈ లెక్కన మొత్తం రెండువందల మైళ్ళే. చిల్డ్రెస్ రాదు. అరవైకి దిగండి."

నాకు కాస్త నామోషీగానే అనిపించింది. అయినా కుడి లేనులోకి వచ్చి 60కి తగ్గించాను. నిమిషాల్లో ఆ అంకె 1.9 దగ్గరికి పాకింది. తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాను. ఎదురుగాలి 20 మైళ్ళు ఉందనుకుంటే, 75లో పోతే బండికి తగిలే గాలి వేగం 95, 60లో పోతే 80. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది (వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు) కాబట్టి, పదిహేను మైళ్ళు తగ్గితే ఆ అడ్డు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. లగేజీ ఎక్కువైతే రేంజి, అంటే ఒకసారి నింపితే వచ్చే దూరం, పడిపోతుందని అందరూ భయపడతారు. చదును రోడ్డు మీద బరువు చేసే నష్టం చిన్నది. ట్రక్కు ముఖం గోడలా ఉంటుంది, ఆ గోడను గాలిలోకి తోయడానికే కరెంటులో ఎక్కువ భాగం పోతుంది.

ఎత్తు సంగతి కూడా చూసుకోండి. డాలస్ సముద్రమట్టానికి 430 అడుగుల ఎత్తులో ఉంటే ఆమరిల్లో 3,600 అడుగులు. రోడ్డు ఎక్కుతున్నట్టు ఎక్కడా కనిపించదు, కానీ మా బండికీ మా అందరికీ కలిపి ఆ ఎత్తు ఎక్కడానికే సుమారు 9 యూనిట్లు ఖర్చు. చలికి హీటరు మరికొంత తింటుంది. సీట్లు మాత్రం వేడిచేసుకుంటే చాలా తక్కువలో సరిపోతుంది. అత్తయ్యగారు శాలువా కప్పుకుని "నాకేం ఇబ్బంది లేదు, పోనివ్వు బాబూ" అన్నారు.

విచిటా ఫాల్స్‌లో 41 శాతం బ్యాటరీతో దిగాము. అసలు పరీక్ష ఇక్కడే. మొదట వెళ్ళిన స్టేషన్లో నాలుగు యంత్రాలు. రెండింటి తెరలు నల్లగా ఉన్నాయి, మూడోది నా కార్డు తీసుకోలేదు, నాలుగోది 150 కిలోవాట్లు (గంటకు 150 యూనిట్ల వేగం) ఇస్తానని రాసి ఉన్నా 40 దాటలేదు. ఫోన్‌లో వాళ్ళతో మాట్లాడి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, ముప్పావుగంట పోయింది. చివరికి వేరే స్టేషనుకు పోయాము. అక్కడ కేబుళ్ళు పొట్టివి, వెనక ఎడమ మూలన సాకెట్టు ఉండే కార్ల కోసం అమర్చినవి. మన బండికి సాకెట్టు ముందు ఎడమ చక్రం పైన. పక్క స్థలానికి చెందిన కేబుల్ లాక్కుంటే గానీ అందలేదు. అంటే మనం ఒక్కరమే రెండు స్థలాలు ఆక్రమించినట్టు. ఒకాయన గుర్రుగా చూశాడు. రద్దీ లేకపోతే చివరి స్థలం ఎంచుకోండి. ఇలాంటి స్టేషను కేబుల్‌ను మన సాకెట్టుకు కలిపే అడాప్టరు మీ దగ్గర ఉండటం ఒక్కటే చాలదు, ఇంటి దగ్గరి స్టేషన్లో ఒకసారి తగిలించి చూసి, యాపులన్నిటిలో కార్డు నమోదు చేసి మరీ బయలుదేరండి. ప్రతి మజిలీకీ ఇంకో స్టేషను పేరు రాసుకోండి.

80 శాతం రాగానే బయలుదేరిపోవాలి. మా బండికి 15 నుంచి 80 దాకా 40 నిమిషాలు పైచిలుకు. ఆ పైన చార్జింగ్ నత్తనడకే, మిగిలిన 20 శాతం కోసం కూర్చుంటే అంతకు అంత అవుతుంది. మేము పులిహోర పొట్లాలు విప్పి తినేసరికి పని అయిపోయింది. ఆ తర్వాత ఎలెక్ట్రా అనే ఊరి బోర్డు వస్తే అందరం నవ్వుకున్నాము. అది కరెంటు వల్ల వచ్చిన పేరు కాదు, వాగనర్ అనే పశువుల ఆసామి కూతురి పేరు. చిల్డ్రెస్‌లో ఇంకోసారి నింపుకుని, చీకటి పడకముందే కాన్యన్ చేరాము.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత రెండో పెద్దది ఇదే. దాదాపు 120 మైళ్ళ పొడవు, 800 అడుగుల లోతు, ఎర్రమట్టి గోడలు. లోపలికి దిగే రోడ్డు నిటారుగా ఉంటుంది. ఆ వాలులో బ్రేకు నొక్కకుండానే మోటారు వేగాన్ని పట్టి ఉంచుతూ ఒక యూనిట్ దాకా తిరిగి బ్యాటరీలో వేసింది. ఘాట్ రోడ్డు దిగుతూ డీజిలు ట్యాంకు నిండటం తన సర్వీసులో చూడలేదని మామయ్యగారు.

50 ఆంపియర్ల ప్లగ్గు ఉన్న క్యాంపు స్థలం ముందే బుక్ చేసి, బండికి పెట్టుకోవచ్చా అని ఆఫీసులో అడిగాను. సరేనన్నారు. పది గంటల్లో 70 యూనిట్లు ఎక్కాయి. బండిలోంచి కరెంటు బయటికి తీసుకునే సదుపాయం ఉందని తెలిసిన అత్తయ్యగారు, పొద్దున్నే తొట్టిలో రైస్ కుక్కరు, ఇండక్షన్ స్టవ్వు పెట్టించి ఉప్మా చేశారు. పక్క గుడారంవాళ్ళు గ్యాసు డబ్బాతో గాలిలో కుస్తీ పడుతుంటే మేము కాఫీ కూడా పంచిపెట్టాము. ఈ బండి కొన్నందుకు నేను నిజంగా సంతోషించింది ఆ పూటే.

డబ్బు విషయం దాచను. దారిలోని వేగపు చార్జింగ్ మాకు యూనిట్ దాదాపు అర డాలరు పడింది. యూనిట్‌కు 1.7 మైలు చొప్పున మైలుకు దాదాపు 29 సెంట్లు. గాలన్ మూడు డాలర్లున్నచోట, గాలన్‌కు 20 మైళ్ళిచ్చే పెట్రోలు ట్రక్కుకు 15 సెంట్లే. ఇంట్లో రాత్రిపూట చార్జ్ చేసుకుంటేనే ఆదా, హైవే మీద కాదు.

ట్రైలర్ గురించి: ఎత్తైన పెట్టె ట్రైలర్ కడితే రేంజి సగానికి పడిపోతుంది. చాలాచోట్ల దాన్ని విప్పి పక్కన పెడితేగానీ చార్జర్ దగ్గరికి పోలేరు. మొదటి ప్రయాణానికి వద్దు.

తిరుగు ప్రయాణంలో గాలి తగ్గింది, రోడ్డూ దిగుడే. మామయ్యగారు ముందు సీట్లోకి మారి, చిన్న కాగితం మీద మజిలీవారీగా రాస్తూ వచ్చారు. మొదటి రోజు బోవీ దాకా యూనిట్‌కు 2.4 కిలోమీటర్లు, చివరి రోజు 3.6. కింద తేదీ వేసి, "డ్రైవరు: అల్లుడుగారు, పరవాలేదు" అని రాసి సంతకం చేశారు. ఆ కాగితం ఇంకా గ్లోవ్ బాక్సులోనే ఉంది.