టెక్ సందేహాలు: రీబూట్ కొట్టాక సర్వర్ లేచిందా, లేదా?

ప్రశ్న: ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతి సంస్థకు సిస్టమ్స్ చూస్తుంటాను. చీమకుర్తి యూనిట్లలో, ముంబై క్లౌడ్‌లో కలిపి ఉబుంటు (లినక్స్ రకం) మీద నడిచే 14 సర్వర్లున్నాయి. అప్‌డేట్లు వేశాక అన్నిటినీ ఒకేసారి రీబూట్ చేద్దామని ఆన్సిబుల్ (చాలా సర్వర్లను ఒకచోటి నుంచి నడిపే సాధనం) ప్లేబుక్‌లో, అంటే దానికిచ్చే పనుల జాబితాలో, షెల్ ద్వారా రీబూట్ కమాండ్ ఇచ్చాను. సర్వర్లు రీబూట్ అవుతున్నాయి గానీ ‘అన్‌రీచబుల్’ అంటూ ప్లేబుక్ ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: ఆన్సిబుల్ మీ సర్వర్లతో మాట్లాడేది ఎస్ఎస్‌హెచ్ మీద, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సురక్షిత కనెక్షన్ మీద. ఆ దారిలోనే వెళ్లి రీబూట్ చెయ్యమంటే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. కనెక్షన్ తెగుతుంది, జవాబు రాదు, ఆన్సిబుల్ దాన్ని ఫెయిల్యూర్‌గా రాసుకుంటుంది.

షెల్ తీసేసి, ఆన్సిబుల్‌లోనే ఉన్న రీబూట్ అనే మాడ్యూల్‌ని (రెడీమేడ్ పనిముట్టుని) వాడండి. 2018లో వచ్చిన 2.7 వెర్షన్ నుంచి ఉంది. రూట్ (అడ్మిన్) హక్కులు కావాలి కాబట్టి వాటిని ఇచ్చే ‘బికమ్’ సెట్టింగ్ పెట్టడం మరవకండి. రీబూట్‌కి ముందు ఇది సర్వర్ బూట్ ఐడీని (బూట్ అయిన ప్రతిసారీ మారే గుర్తింపు సంఖ్యను) గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మళ్లీ మళ్లీ కనెక్ట్ అయి చూసి, ఆ ఐడీ మారిందని తేలాకే ముందుకు వెళుతుంది. మామూలుగా 600 సెకన్లు ఆగుతుంది. క్లౌడ్ మెషీన్లకు అది చాలా ఎక్కువే. యూనిట్లలోని అసలు సర్వర్లు మాత్రం ర్యామ్, రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపేది) పరీక్షించుకుంటూ తీరిగ్గా లేస్తాయి. వాటికి రీబూట్ టైమౌట్ 1200 ఇవ్వండి.

‘లేచింది’ అంటే ఏమిటన్నది కూడా మీరే చెప్పాలి. ఈ మాడ్యూల్ చివర్లో ‘హూ యామ్ ఐ’ కమాండ్ నడిపి, జవాబొస్తే సరే అనుకుంటుంది. అప్పటికి మీ డేటాబేస్ లేచి ఉండకపోవచ్చు. మాడ్యూల్‌లోని ‘టెస్ట్ కమాండ్’ సెట్టింగ్ దగ్గర డేటాబేస్ సర్వీస్ నడుస్తోందో లేదో చూసే కమాండ్ రాయండి.

ఇక 14 సర్వర్లనూ ఒకేసారి చెయ్యాలన్న ఆలోచన నాకు అస్సలు నచ్చలేదు. ప్లేబుక్‌లో సీరియల్ 1 అని పెట్టండి. ఒకటి లేచాకే రెండోదాని జోలికి వెళుతుంది, మొదటిది లేవకపోతే మిగతావాటిని ముట్టుకోదు. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఒక తప్పు లైను ఉంటే చాలు, సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. అలాంటివి 14 ఒకే రాత్రి ఆగితే ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు. అసలు ప్రతిసారీ అన్నిటికీ రీబూట్ అవసరమా? ఉబుంటులో కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) లాంటివి మారితే వార్ రన్ (/var/run) ఫోల్డర్‌లో ‘రీబూట్ రిక్వైర్డ్’ ఫైల్ కనిపిస్తుంది. అది ఉన్నవాటినే రీబూట్ చెయ్యమని షరతు పెట్టండి.

అన్నట్టు, ఆన్సిబుల్ నడుస్తున్న మెషీన్ కూడా ఆ జాబితాలో ఉంటే తీసేయండి. లోకల్ కనెక్షన్ మీద ఈ మాడ్యూల్ పనిచెయ్యదు.

ప్రశ్న: కావలి దగ్గర మా రొయ్యల చెరువుల షెడ్డులో సెన్సర్ల లెక్కలు రాసే కంప్యూటర్ ఉంది. కరెంటు పోయి వచ్చాక అది ఆన్ అవదు. నెల్లూరు నుంచి ఆన్సిబుల్‌తో ఆన్ చెయ్యొచ్చా?

జవాబు: ఆఫ్ అయిన మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ ఉండదు కాబట్టి రీబూట్ మాడ్యూల్ ఇక్కడ పనికిరాదు. నెట్‌వర్క్ ద్వారా మెషీన్‌ని ఆన్ చేసే వేక్ ఆన్ ల్యాన్ ఉంది గానీ, దానికి షెడ్డులో అదే నెట్‌వర్క్ మీద ఇంకో పరికరం నడుస్తూ ఉండాలి. అంతకంటే తేలిక మార్గం బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట నడిచే, మదర్‌బోర్డు సెట్టింగులుండే చోట) ఉంది. కరెంటు తిరిగొచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే సెట్టింగ్ చాలా బోర్డుల్లో ‘ఏసీ పవర్ లాస్’ లాంటి పేరుతో కనిపిస్తుంది. అక్కడ ‘పవర్ ఆన్’ ఎంచుకోండి. ‘లాస్ట్ స్టేట్’ వద్దు. బ్యాటరీ అయిపోతోందని యూపీఎస్ సాఫ్ట్‌వేర్ ముందే పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే, చివరి స్థితి ఆఫ్ అనే నమోదవుతుంది.