డాక్టర్ సలహా: కామెర్లకి పథ్యం ఎన్ని రోజులు చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్ళు, మాది గాజువాక. అరకు వెళ్ళొచ్చిన నాలుగో రోజున చలిజ్వరం వచ్చింది. మా బావగారికి పోయినేడు మలేరియా వచ్చినప్పుడు మిగిలిపోయిన ప్రైమాక్విన్ మాత్రలు ఇంట్లో ఉంటే అవే వేసుకున్నా. మూడో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం బ్లాక్ టీలా వస్తోంది, మెట్లెక్కితే ఆయాసం. బిలిరుబిన్ 4.2, అందులో ఇండైరెక్ట్ 3.6. ఎస్‌జీపీటీ 32. హిమోగ్లోబిన్ 8.9, పోయినేడు కంపెనీ చెకప్‌లో 14.1 ఉండేది. నెట్‌లో చూసి జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైమ్) టెస్ట్ కూడా చేయించా, నార్మల్ వచ్చింది. మా మేనమామకి కూడా చిన్నప్పుడు ఏదో మందు పడక ఇలాగే అయిందట. ఇంట్లో పసరు తాగమంటున్నారు. పథ్యం ఎన్ని రోజులు చేయాలి, చికెన్ ఎప్పుడు తినొచ్చు?

జవాబు: పథ్యం సంగతి తర్వాత. ఆ మాత్ర ఇక ఒక్కటి కూడా వేసుకోకండి, ఇది చదవగానే ఎమర్జెన్సీ ఉన్న హాస్పిటల్‌కి వెళ్ళండి, కేజీహెచ్ అయినా మీకు దగ్గర్లో ఉన్న ఇంకోటైనా సరే. రేపు పొద్దున్న చూద్దాంలే అనుకునే కేసు కాదిది.

మీ రిపోర్టు చూస్తే లివర్ జబ్బులా లేదు. లివర్ దెబ్బతింటే మామూలుగా ఎస్‌జీపీటీ పెరుగుతుంది, మీది నార్మల్‌గానే ఉంది. బిలిరుబిన్ అనే పసుపు పదార్థంలో ఎక్కువ భాగం ఇండైరెక్ట్, అంటే లివర్ ఇంకా శుద్ధి చేయనిది, పైగా హిమోగ్లోబిన్ అంత కిందికి పడింది, మూత్రం నల్లగా వస్తోంది, ఇవన్నీ కలిపి చూస్తే ఎర్ర రక్తకణాలు గబగబా పగిలిపోతున్నాయనే అనుమానం. మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బు అని రాసివ్వలేను, ఎలుకల జ్వరం, ముదిరిన మలేరియా కూడా చూసుకోవాలి, కానీ నా అనుమానం ముందు ఆ మాత్ర మీదే.

ఎందుకంటే ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండవు, న్యూక్లియస్ కూడా ఉండదు. ప్రైమాక్విన్ లాంటి మందులు కణంలో ఆక్సిడేషన్ పెంచుతాయి, దాన్ని తట్టుకోవడానికి గ్లూటాథయోన్ కావాలి, అది అరిగిపోతున్న కొద్దీ మళ్ళీ పనికొచ్చేలా చేయడానికి ఎన్‌ఏడీపీహెచ్ కావాలి, ఈ కణంలో దాన్ని తయారుచేసే దారి ఒక్కటే, ఆ దారికి మొదట్లో ఉండే ఎంజైమే జీ6పీడీ. బీచ్ రోడ్డులో ఇళ్ళ గ్రిల్స్‌కి ఉప్పుగాలి తగిలి పెయింట్ పోతూ ఉంటుంది, మళ్ళీ వేయకపోతే ఇనుము తినేస్తుంది చూడండి, అలాగే. ప్రైమాక్విన్ వేసుకున్న కొందరికే ఇలా ఎందుకవుతోందని వెతికితేనే 1956లో ఈ ఎంజైమ్ తక్కువగా ఉండే లోపం బయటపడింది.

మరి టెస్ట్ నార్మల్ వచ్చిందిగా అంటారు. కణానికి న్యూక్లియస్ లేదు కాబట్టి కొత్తగా ఎంజైమ్ తయారుచేసుకోలేదు, సుమారు 120 రోజుల ఆయుష్షులో వయసు పెరిగే కొద్దీ ఎంజైమ్ తగ్గిపోతుంది, అందుకే ముసలి కణాలు ముందు పగులుతాయి, మిగిలేవి కొత్తవి, వాటిలో ఎంజైమ్ కాస్త బాగానే ఉంటుంది. ఇలా పగులుతున్న టైమ్‌లో చేయించిన టెస్ట్ నార్మల్ అని వచ్చినా నమ్మడానికి లేదు, తగ్గాక మూడు నెలలకి మళ్ళీ చేయించండి.

ఇప్పుడు కాస్త కోప్పడాలి. మలేరియా అని మీకు చెప్పిందెవరు? దోమ కుట్టాక వైవాక్స్ అనే రకం మలేరియా బయటపడటానికి మామూలుగా పన్నెండు రోజులైనా పడుతుంది, మీకు నాలుగో రోజుకే జ్వరం వచ్చింది, అంటే ఆ ట్రిప్‌లో అంటుకున్న మలేరియా అయ్యే అవకాశం తక్కువ. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయేది. పైగా ప్రైమాక్విన్ జ్వరం తగ్గించే మాత్ర కాదు, లివర్‌లో దాక్కున్న వైవాక్స్ మళ్ళీ లేవకుండా 14 రోజులు వాడేది, చాలావరకు జీ6పీడీ చూసుకునే మొదలుపెడతాం. బావగారి దగ్గర మాత్రలు మిగిలాయంటే ఆయన కోర్సు మధ్యలో ఆపేశారన్నమాట, ఆయన్ని కూడా డాక్టర్‌కి ఒకసారి చూపించుకోమనండి. ఏజెన్సీ వెళ్ళొచ్చి ఇంట్లో ఉన్న స్ట్రిప్ చింపేవాళ్ళని ప్రతి సీజన్‌లో చూస్తున్నా, ఎంత చెప్పినా అంతే.

పసరు వద్దు, అందులో ఏముందో పోసేవాళ్ళకే తెలీదు. చికెన్ తినొచ్చు, చప్పిడి పథ్యం అక్కర్లేదు. హాస్పిటల్‌లో మాత్రం హిమోగ్లోబిన్, కిడ్నీ టెస్టులు, పొటాషియం మళ్ళీ మళ్ళీ చూస్తారు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. మూత్రం తగ్గిపోతే వెంటనే చెప్పండి. మిగిలిన స్ట్రిప్ పారేయకుండా పట్టుకెళ్ళండి, జీ6పీడీ అనుమానం ఉందని అక్కడ మీరే నోరు తెరిచి చెప్పండి, డాప్సోన్, నైట్రోఫ్యూరంటాయిన్, మిథిలీన్ బ్లూ లాంటి మందులు కూడా పడకపోవచ్చు. బండి మీరు నడపొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.

మేనమామ సంగతి చివర్లో రాశారు గానీ నాకు అదే ముఖ్యం. ఈ లోపం తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది. మీది అదే అని తేలితే ఆ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తండ్రి నుంచి అది కూతురికే వెళ్తుంది కాబట్టి మీ కొడుక్కి మీ నుంచి రాదు, కూతురుంటే ఆ జీన్ ఆమెకి తప్పకుండా వెళ్తుంది. అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళ మగపిల్లలకి పరీక్ష చేయించమనండి, ఇంట్లో పసిబిడ్డ ఉంటే కలరా ఉండలు (నాఫ్తలీన్, ఈ లోపం ఉంటే అదీ పడదు) వేసి దాచిన బట్టలు తొడగొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.